గుండ్రటి అర్జీ

మా వీధి చివర వేపుళ్ళ హోటలు వచ్చిందంటే అది మా బావమరిది చేసిన పని. ఇందులో నాకు అనుమానం లేదు. వీధిలో ఎవరికీ లేదు. వాడికీ లేదు, నలుగురిలో నిలబడి వాడే ఒప్పుకున్నాడు.

ఎలా జరిగిందో రాస్తాను. నేను మా ఊరి బడిలో అయిదో తరగతి దాకా చదివినవాణ్ణి. ఉన్నది ఉన్నట్టు రాయడం వరకే నాకు వచ్చు.

మా ఇల్లు వీధి చివరి నుంచి రెండోది. చివరిది ఒకప్పుడు సైకిళ్ళ గోదాము. చాలా ఏళ్ళు తాళం వేసి ఉంది. గోదాముకీ మా పెరడుకీ మధ్య మనిషెత్తు గోడ. పెరట్లో ఈ గోడ నుంచి ఆ గోడకి అయిదు తీగలు. ఆ తీగల మీద బట్టలారేసుకునే మేం బతికాం. నేనూ మా ఆవిడా ముప్పై ఆరేళ్ళు లాండ్రీ నడిపాం. ఆవిడ ఉతికేది, నేను ఇస్త్రీ చేసేవాణ్ణి. ఆవిడ పోయింది. నా మణికట్టు పట్టు తప్పింది. ఇప్పుడు పనంతా మా అమ్మాయిది. అల్లుడు లారీ తోలతాడు, నెలలో పది రోజులు ఇంట్లో ఉంటే గొప్ప.

మా అమ్మాయి ఊళ్ళో బట్టలు తీసుకోదు. ఒక నర్సింగ్ హోము బట్టలే ఉతుకుతుంది. డాక్టర్ల కోట్లు, మంచాల దుప్పట్లు, దిండు గలీబులు. అన్నీ తెల్లవి. తెల్లబట్టకి మరక ఒక్కటే శత్రువు అనుకుంటారు తెలియనివాళ్ళు. మరకని వదిలించొచ్చు. తడిగా ఉన్న నూలుబట్ట పొగ పీల్చిందంటే ఆ వాసన ఇస్త్రీ పెట్టె కింద ఇంకా పైకి లేస్తుంది, మళ్ళీ ఉతికితేగాని పోదు. రెండుసార్లు ఉతికితే బట్ట నలుగుతుంది, పది సార్లకి చిరుగుతుంది. నర్సింగ్ హోములో మేట్రన్ అని ఒకావిడ ఉంది. ప్రతి కట్టలోంచి ఒక కోటు లాగి, ముక్కు దగ్గర పెట్టుకుని, అప్పుడు సంతకం పెడుతుంది.

ఒక రోజు గోదాము తలుపు మీద కాగితం అంటించారు. కోళ్ళూ బంగాళాదుంపలూ వేపి అమ్మే ఫాస్ట్‌ఫుడ్ హోటలు పెడతారట, అభ్యంతరాలుంటే ముప్పై రోజుల్లో మునిసిపల్ ఆఫీసుకి రాసివ్వాలట. పక్కనే భవనం బొమ్మ. మా అమ్మాయి ఆ బొమ్మ ముందు చాలాసేపు నిలబడింది. తర్వాత పెరట్లోకి వచ్చి గోడ దగ్గర నుంచి మొదటి తీగ దాకా అడుగులు వేసుకుంటూ నడిచింది.

"పదకొండు అడుగులు నాన్నా," అంది.

"దేనికి?"

"పొగగొట్టం మన వైపు గోడకే పెడుతున్నారు."

ఆ రోజు గలీబులు మడత పెడుతూ లెక్క రెండుసార్లు తప్పింది. మా అమ్మాయి లెక్క తప్పడం నేను అంతకుముందు చూడలేదు.

మా వీధికి ఒక అలవాటుంది. అర్జీ పెడితే పేర్లు ఒకదాని కింద ఒకటి రాయం. గుండ్రంగా రాస్తాం. దీనికో కారణం ఉంది. ఎప్పుడో మురుగుకాలవ గురించి అర్జీ పెట్టినప్పుడు మొదటి పేరు ఇప్పుడున్న టైలరు వాళ్ళ నాన్నది. ఆఫీసువాళ్ళు కాలవ సంగతి వదిలేసి, వారం వారం వచ్చి ఆయన దుకాణం ముందు రేకు కొలిచారు. రేకు కోయించిందాకా ఊరుకోలేదు. ఆ తర్వాత ఏ కాగితం మీదా ఎవరూ ముందు సంతకం పెట్టలేదు. నువ్వంటే నువ్వని తోసుకుని కాగితం ఖాళీగా మిగిలేది. అప్పుడు మా ఆవిడ ఇంట్లోంచి అన్నం కంచం తెచ్చి, కాగితం మీద బోర్లించి, చుట్టూ పెన్సిలుతో గీత గీసింది. గీత చుట్టూ సూర్యుడి కిరణాల్లా పేర్లు రాయమంది. ముందెవరు, వెనకెవరు అని ఎవడు తేలుస్తాడో చూద్దాం అంది. అప్పటినుంచి వీధిదీపాలకీ, కుళాయికీ, కుక్కలకీ, అన్నింటికీ అదే పద్ధతి. పనులు అయ్యాయి కూడా.

ఈసారి కూడా టైలరు దుకాణంలోనే చేరారు. బట్ట కత్తిరించే బల్ల పెద్దది, చుట్టూ పదిమంది నిలబడొచ్చు. నేను లోపలికి వెళ్ళలేదు. బయట మెట్టు మీద కూర్చున్నాను. మా బావమరిది లోపల ఉన్నాడు. వాడున్న గదిలో నేను కూర్చోను. మా ఆవిడకి జబ్బు చేసినప్పుడు అదేం జబ్బో నేనూ డాక్టరూ దాచాం. వీడు వెళ్ళి అక్కకి చెప్పేశాడు. అడిగింది బావా, అబద్ధం చెప్పలేకపోయాను అన్నాడు. నేను ఎనిమిది నెలలు చెప్పగలిగాను, వాడు ఒక్క పూట చెప్పలేకపోయాడు.

వాడు బస్సులో కండక్టరుగా చేసి దిగిపోయాడు. వీధిలో అందరూ కండక్టరు అనే పిలుస్తారు. పలుకుబడి లేకపోయినా నోరుంది.

"నాకేం నష్టం లేదప్పా," అంటున్నాడు సెలూన్ ఆయన. "తిన్నవాడు మూతి కడుక్కుని అటు నుంచి అటే గడ్డం చేయించుకుంటాడు. నాకు బేరం."

"జిడ్డు చేతుల్తో నీ కుర్చీ ఎక్కుతాడు, అప్పుడు తెలుస్తుంది బేరం," అన్నాడు టైలరు. "బళ్ళన్నీ ఎక్కడ పెడతారనుకున్నావు? నీ గుమ్మంలోనే. నీ బేరం లోపలికి రావాలంటే గోడ దూకాలి."

"నా గోల వినండి ముందు," అంది నర్సమ్మ. ఆవిడది మా ఎదురిల్లు. నర్సుగా రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకుంటుంది. "పొద్దున పదింటికి వాళ్ళు నూనె పెట్టారంటే నా నిద్ర కూడా అందులోనే వేగుతుంది."

"నిద్ర వేపుడు ప్లేటు ఎంతమ్మా?" అన్నాడు మా బావమరిది.

అందరూ నవ్వారు. నర్సమ్మ కూడా నవ్వింది. మా అమ్మాయి నవ్వలేదు.

"మామయ్యా, నువ్వు ఆగు. మీ అందరికీ ఇది చిరాకు. నాకు కూడు. మేట్రన్ ముందే చెప్పింది, ఒక్క కోటు వాసనొచ్చినా మెషీన్ లాండ్రీకి ఇచ్చేస్తానని. గొట్టం అటు రోడ్డు వైపు తిప్పమని అడుగుదాం. హోటలు వద్దని కూడా నేననడం లేదు. గొట్టం తిప్పితే చాలు."

"హోటలే వద్దని రాద్దాం," అన్నాడు టైలరు. "అడిగేవాళ్ళం ఎక్కువ అడిగితేనే కదా కాస్త ఇస్తారు."

"గొట్టం సంగతి విడిగా రాయి," అంది నర్సమ్మ. "అమ్మాయి చెప్పింది పైన రాయి."

కాస్త సేపు రాస్తున్నట్టున్నారు. తర్వాత కంచం చప్పుడు. కాగితం మీద బోర్లించారు. మా బావమరిది గొంతు వినిపించింది.

"ఈ కంచం విద్య కనిపెట్టింది మా అక్కే. ఆవిడుంటే ఈపాటికి ఆ హోటలువాడి చేతే మన బట్టలు ఉతికించేది."

మళ్ళీ నవ్వారు. ఆ నవ్వుకి నేను లేచి ఇంటికి వచ్చేశాను. వాళ్ళు ఏం రాశారో, ఎవరి పేరు ఎక్కడ పెట్టారో నేను చూడలేదు. ఇది గుర్తు పెట్టుకోవాలి.

అర్జీ ఇచ్చి వచ్చాక మా అమ్మాయి నాకో పని చెప్పింది. విచారణ ఉంటుందట, ఏ రోజో రిజిస్టరు కవరు పంపుతారట. వీధి మొత్తానికి ఒక్క కవరే వస్తుందట.

"పగలంతా ఇంట్లో ఉండేది నువ్వే నాన్నా. పోస్టుమాన్ మీద ఓ కన్నేసి ఉంచు. ఎవరి పేరున పంపుతారో తెలియదు. ఎవరి పేరున వచ్చినా తీసుకో."

ఎవరి పేరున వచ్చినా అంది. అంటే టైలరు పేరునా నర్సమ్మ పేరునా అని. బతికున్నవాళ్ళ పేరని ఎవరైనా అనుకుంటారు.

నేను కుర్చీ తీసుకొచ్చి గేటు పక్కన వేసుకున్నాను. పొద్దున తొమ్మిదింటి నుంచి మధ్యాహ్నం రెండింటి దాకా. నాలుగు వారాలు కూర్చున్నాను. భోజనానికి కూడా లోపలికి వెళ్ళలేదు, అక్కడికే తెచ్చుకున్నాను. ఆ ఎండలో అలా కూర్చున్నది నా కోసం కాదు.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. మా ఆవిడ పోయి మూడేళ్ళయినా ఆవిడ పేరున ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. ఆసుపత్రి నుంచి. మీ తదుపరి పరీక్షకు సమయమైంది, దయచేసి రండి, అని. నేను రెండుసార్లు అక్కడికి వెళ్ళి చెప్పాను. మొదటిసారి కిటికీలో ఉన్న పిల్ల సారీ అంకుల్ అంది. రెండోసారి ఇంకో పిల్ల అదే మాట అంది. మూడు నెలలకి మళ్ళీ ఉత్తరం వచ్చింది. కొన్నాళ్ళు చించేశాను. తర్వాత ముట్టుకోవడం మానేశాను. పాత పోస్టుమాన్‌కి చెప్పి పెట్టాను, ఆవిడ పేరున ఏది వచ్చినా నా గడప తొక్కనివ్వకు, వెనక్కి పంపు అని. అతను మంచివాడు. గేటు దగ్గర ఆగకుండానే వెనక్కి పంపేసేవాడు. ఆ ఏడు అతనికి బదిలీ అయింది.

కొత్తవాడు కుర్రాడు కాదు, నలభై ఉంటాయి. ఒక రోజు ఎండలో వచ్చాడు, చెమట కారుతోంది. సైకిలు ఆపి, కవరు చూసి, మా ఆవిడ ఇంటిపేరుతో సహా పూర్తి పేరు పట్టి పిలిచాడు. చివర గారు తగిలించాడు.

"...గారు ఉన్నారాండీ?"

ఆ పేరు బయటికి పలకగా విని మూడేళ్ళయింది. ఇంట్లో మేం పలకం.

"లేదు," అన్నాను.

"ఎప్పుడొస్తారండీ?"

"రాదు."

"ఊరెళ్ళారా?"

"పోయింది."

"అయ్యో. మరి మీరేమవుతారండీ?"

"మొగుణ్ణి."

"అయితే మీరు సంతకం పెట్టి తీసుకోవచ్చు పెద్దాయనా."

"దాని మీద నా పేరుందా?"

"లేదండీ. అయినా ఇంట్లోవాళ్ళు తీసుకోవచ్చు. ఆఫీసు కవరులా ఉంది."

"ఆసుపత్రి కూడా ఆఫీసే."

"ముఖ్యమైందేమో, ఓసారి చూసుకుంటే..."

"చచ్చిపోయినవాళ్ళకి ముఖ్యమైందేముంటుందయ్యా? వెనక్కి పంపు."

అతను కవరుని గేటు స్తంభానికి ఆనించి ఏదో రాశాడు. నా వంక ఓసారి చూసి వెళ్ళిపోయాడు. కవరు ఖాకీరంగుది. ఆసుపత్రి కవర్లూ ఖాకీరంగువే. నేను మళ్ళీ కూర్చుని మా వీధి కవరు కోసం రెండింటి దాకా చూశాను.

ఆ వారం రాలేదు. ఆ తర్వాత వారమూ రాలేదు.

"ఇంకా పిలవలేదంటే మంచిదే కదా మామయ్యా?" అని మా అమ్మాయి మా బావమరిదిని అడగడం విన్నాను.

"ఆఫీసువాళ్ళ బండి ఎప్పుడు సమయానికి వచ్చింది అమ్మడూ? మన బస్సులే నయం," అన్నాడు వాడు.

ఒక మధ్యాహ్నం గోదాము ముందు బండి ఆగింది. స్టీలు గొట్టం దించారు. నలుగురు మోశారు. మనిషి దూరేంత వెడల్పుంది. మా అమ్మాయి చేతిలో తడి దుప్పటి ఉంది. దాన్ని తీగ మీద వెయ్యకుండా మళ్ళీ తొట్టిలో పడేసి, చేతులు తుడుచుకుని, చెప్పులేసుకుంది.

"నాన్నా, ఇంటి కాగితాలు పట్టుకుని నువ్వూ రా. మామయ్యని పిలుస్తాను."

మామయ్య వస్తే నేను రాననలేదు. ఆ ముఖం చూసి ఎవడూ అనడు.

ఆఫీసులో ఫైళ్ళు చూసే ఆవిడ ఒకత్తె ఉంది. కళ్ళజోడు నుదుటి మీదికి పెట్టుకుని మాట్లాడుతుంది. మేం చెప్పింది వినకముందే ఫైలు తీసింది.

"విచారణ అయిపోయిందమ్మా."

"అయిపోయిందా? ఎప్పుడు?" అంది మా అమ్మాయి.

"పోయిన నెల పన్నెండున. హోటలువాళ్ళు వచ్చారు. మీ వైపు ఎవరూ రాలేదు. వాళ్ళకి అనుమతి ఇచ్చేశారు."

"మాకు కబురు రాలేదండీ! మా నాన్న రోజూ గేటు దగ్గరే కూర్చున్నాడు."

"పంపాం. రిజిస్టరు చేసి మరీ పంపాం. తిరిగొచ్చింది." ఆవిడ కాగితాలు తిప్పి మా అర్జీ చూపించింది. "అసలు ఇదేం రాతమ్మా? పొద్దుతిరుగుడు పువ్వులా ఉంది. అర్జీలో మొదటి పేరుకి నోటీసు పంపాలని మాకు రూలు. గుండ్రంగా రాస్తే మొదలెక్కడ? మా సారు కూడా కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. ఆఖరికి నిటారుగా పైన ఉన్న పేరే మొదటిది అనుకున్నాం."

నిటారుగా పైన మా ఆవిడ పేరు ఉంది. మా బావమరిది చేతిరాత. గుండ్రంగా, కొమ్ములు పెద్దగా, తప్పు లేకుండా.

ఆవిడ కవరు తీసి బల్ల మీద పెట్టింది. మా అమ్మాయి తీసుకుని వెనక రాసింది చదివింది. తర్వాత మామయ్యకి ఇచ్చింది. వాడూ చదివాడు. నాకెవరూ ఇవ్వలేదు. బల్ల మీద పెట్టాక నేనే చదువుకున్నాను. గ్రహీత మరణించారు. భర్త తీసుకోవడానికి నిరాకరించారు. కింద తేదీ.

"చచ్చిపోయినావిడ పేరు ఎందుకు రాశారమ్మా?" అంది ఫైళ్ళావిడ.

"ఇంటి యజమాని పేరే రాయాలని మీ కాగితంలోనే ఉందండీ," అంది మా అమ్మాయి. "ఇల్లు అమ్మ పేరున ఉంది. ఇంకా మార్పించలేదు."

"ఎందుకు మార్పించలేదు?"

ఇల్లు నా పేరుకి మార్చమని ఎవరడిగినా నేను ఒప్పుకోలేదు. ఆవిడ రెక్కలతో వచ్చిన ఇల్లు, ఆవిడ పేరునే ఉంటుందన్నాను. అందులో తప్పేమీ లేదు.

"సరే, అదలా ఉంచండి. పోనీ ఈ భర్తెవరో తీసుకుని ఉంటే సరిపోయేది కదా. ఎవరాయన?"

ఫ్యాను తిరుగుతోంది. దాని రెక్క ఒకటి ఎక్కడో తగిలి టిక్కు టిక్కుమంటోంది. నేను ఇంటి కాగితాల సంచీ చంకలో పెట్టుకుని నిలబడ్డాను.

"తప్పు నాదేనమ్మా," అన్నాడు మా బావమరిది. "పేరు రాసింది నేను. కంచం ఆవిడదని మర్యాదకి ఆవిడతోనే మొదలెట్టాను. పోయిన మనిషి పేరు అని ఆలోచించలేదు."

"కానీ తీసుకుని ఉంటే..."

"తప్పు నాదన్నాను కదమ్మా. ఇప్పుడేం చెయ్యాలో చెప్పండి."

చెయ్యడానికి ఏమీ లేదు. పై ఆఫీసుకి వెళ్ళాలన్నా విచారణకి వచ్చినవాళ్ళే వెళ్ళాలట. మా అమ్మాయి రెండుసార్లు అడిగింది, గొట్టం ఒక్కటైనా రోడ్డు వైపు తిప్పించలేరా అని. అది ముందే చెప్పాల్సింది తల్లీ అని ఫైళ్ళావిడ కళ్ళజోడు కిందికి దించుకుంది. ఆవిడ చెడ్డది కాదు. అలిసిపోయినట్టుంది. మేమూ అలిసిపోయాం.

తిరుగు బస్సులో వాడు ముందు సీట్లో కూర్చున్నాడు. ఎప్పుడు బస్సెక్కినా కండక్టరుతో ఏదో ఒకటి వాగేవాడు, ఆ రోజు టిక్కెట్టు తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. మా అమ్మాయి కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

దిగగానే వాడు నేరుగా టైలరు దుకాణానికి వెళ్ళాడు. నేను మా గుమ్మంలో నిలబడితే అంతా వినపడుతుంది.

"మా అక్క పేరు పైన రాసి పాడు చేశాను," అన్నాడు వాడు. "నోటీసు ఆవిడ పేరున వెళ్ళి తిరిగొచ్చింది. అయిపోయింది."

"ఒరేయ్, ముప్పై ఏళ్ళు టిక్కెట్లు చించావు, ఎక్కిందెవడో దిగిందెవడో తెలిసినవాడివి," అన్నాడు టైలరు. "పోయిన మనిషిని తీసుకెళ్ళి ముందు సీట్లో కూర్చోబెట్టావా?"

"అంతే మరి."

"అంతే మరి ఏంట్రా? నా గుమ్మం ముందు బళ్ళు పెడితే నువ్వొచ్చి మోస్తావా?"

"నీకు హాస్యం తప్ప ఏం వచ్చు కండక్టరూ," అంది నర్సమ్మ. "మనిషి బతుకు మీద కూడా హాస్యమే. ఆ పిల్ల గతేం కావాలి?"

వాడు ఏదైనా అంటాడేమో అని నేను చూశాను. ఏమీ అనలేదు. కవరు నా చేతిదాకా వచ్చిందని కూడా అనలేదు. నేనూ గుమ్మం దిగలేదు.

హోటలు తెరిచారు. ఎర్రదీపాల బోర్డు పెట్టారు. సెలూన్ ఆయన అనుకున్నట్టు ఆయనకి బేరమేమీ పెరగలేదు, టైలరు అన్నట్టు బళ్ళు మాత్రం అందరి గుమ్మాల్లోకీ వచ్చాయి. మా పెరట్లోకి పొగ వచ్చింది. అది నల్లగా కూడా ఉండదు. వేడిగాలి ఆడినట్టు ఉంటుంది, అంతే. తీగలు చేత్తో తుడిస్తే వేళ్ళు జారేవి.

మా అమ్మాయి చెయ్యని ప్రయత్నం లేదు. వాళ్ళు నూనె పెట్టకముందే ఆరాలని తెల్లవారుజామున లేచి ఉతికింది. ఎండ లేకుండా దుప్పటి ఆరదు. వరండాలో తాళ్ళు కట్టి ఫ్యాన్లు పెట్టింది. కోట్లు ముడుచుకుపోయాయి. గోడ మీద టార్పాలిన్ కట్టింది, గాలికి అది చిరిగింది. హోటలు మేనేజరుని అడిగితే అతను మర్యాదగానే మాట్లాడాడు, మా అనుమతి కాగితంలో గొట్టం అక్కడే ఉందండీ అన్నాడు, వెళ్ళేటప్పుడు ఒక పొట్లం చేతిలో పెట్టబోయాడు. ఆమె తీసుకోలేదు.

అయిదు వారాలకి మేట్రన్ కట్ట వెనక్కి పంపింది.

"ఏమంది?" అని అడిగాను.

"ఈ కోటు వేసుకుని డాక్టరు వార్డులోకి వెళ్తే పేషెంట్లు ప్లేట్లు పట్టుకుని లేచి కూర్చుంటున్నారట," అంది. చెప్పి, నవ్వబోయింది. నవ్వు రాలేదు. కట్ట విప్పి కోట్లు ఒక్కొక్కటే మళ్ళీ తొట్టిలో వేసింది. ఎవరికని ఉతుకుతున్నావు అని నేనడగలేదు. ఉతికి, ఇస్త్రీ చేసి, అప్పజెప్పి వచ్చింది.

ఇప్పుడు అదే మెషీన్ లాండ్రీలో పని చేస్తోంది. పొద్దున మొదటి బస్సుకి వెళ్తుంది. ఉతికేది యంత్రం, ఆరబెట్టేది యంత్రం, మా అమ్మాయి మడతలు పెట్టి సంచుల్లో కూరుతుంది. వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్న పనిలో అదొక్కటే అక్కడ మిగిలింది. ఇంటికి వచ్చేసరికి మాట్లాడే ఓపిక ఉండదు. నేను వండిపెడితే తింటుంది.

ఒక సెలవు రోజు, గిన్నెలు తోముతూ, వెనక్కి తిరక్కుండానే అంది.

"నాన్నా, మామయ్యతో వీధిలో ఎవరూ మాట్లాడటం లేదు."

"మాట్లాడకపోతే ఏం? వాడే మాట్లాడతాడు, ఇద్దరి తరఫునా."

"మాట్లాడటం లేదు. టైలరు బల్ల దగ్గరికి వెళ్తే అందరూ లేచిపోతున్నారట. ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోతానంటున్నాడు."

"వెళ్ళనీ."

"నువ్వు ఒక్క మాట చెప్పు వాళ్ళకి."

"ఏమని?"

"నీకు తెలుసు ఏమనో."

"పేరు రాసింది వాడు."

"రాయమంది నేను. ఇల్లు అమ్మ పేరున ఉందని చెప్పింది నేను. నా మీద కూడా కోపమా?"

"నువ్వు పైన రాయమనలేదు."

ఆమె కుళాయి కట్టేసింది. చేతుల నుంచి నీళ్ళు కారుతుంటే నా ఎదురుగా వచ్చి నిలబడింది. ఉతికి ఉతికి ఆ చేతులు వాళ్ళమ్మ చేతుల్లాగే అయ్యాయి, గోళ్ళ దగ్గర తెల్లగా పగిలి.

"ఆ కవరు వచ్చిన రోజు సాయంత్రం నేను నిన్ను అడిగాను. పోస్టు వచ్చిందా నాన్నా అని. నువ్వేమన్నావో గుర్తుందా?"

"మనకేమీ రాలేదన్నాను. నిజమే కదా."

"అమ్మ పేరున వస్తే మనకి రానట్టా?"

నేను భుజం మీది తువ్వాలు తీసి మడత పెట్టుకున్నాను.

"నేను నిన్ను తిట్టడం లేదు," అంది. "పని పోయింది, ఇంక రాదు. దాని గురించి ఒక్కరోజు కూడా నిన్ను అనలేదు, అననూ. కానీ ఆఫీసులో మామయ్య నీ ముఖం చూసి నీ మీదికి రావాల్సిన మాట తన మీద వేసుకున్నాడు. అది నాకు తెలుసు, నీకు తెలుసు. మిగతావాళ్ళకి తెలియదు. తెలిస్తే ఏమవుతుంది నాన్నా? నిన్నేమీ అనరు. పెద్దవాడివి."

"వాణ్ణి నేను వేసుకోమనలేదు."

ఆమె చేతులు చీరకి తుడుచుకుని లోపలికి వెళ్ళి పడుకుంది. మధ్యాహ్నం పడుకునే మనిషి కాదు.

వాడు మొన్న వెళ్ళిపోయాడు. సామాను ఆటోలో పట్టింది. వెళ్ళే ముందు మా గేటు దగ్గర ఆగాడు. నేను వరండాలోనే ఉన్నాను.

"బావా, వెళ్తున్నా," అన్నాడు.

నేను పత్రిక దించలేదు. వాడు ఇంకో మాట కోసం కాసేపు నిలబడ్డాడు. ఆటోవాడు హారన్ కొట్టాడు.

"అమ్మడిని చూసుకో," అని వెళ్ళిపోయాడు.

వాడు తన నోటితో ఒప్పుకున్నాడు, వీధి నమ్మింది. దాన్ని కాదనడానికి నేనెవర్ని? మా అమ్మాయి నాతో ఇప్పుడు కూరలో ఉప్పు గురించి, బస్సు వేళల గురించి మాట్లాడుతుంది. తప్పు లేకుండా మాట్లాడుతుంది. అంతకన్నా ఎక్కువ నాకూ అక్కర్లేదు.

ఇంత రాశాను కాబట్టి ఇంక చాలు. టైలరు అడిగినా, వాడే తిరిగొచ్చి అడిగినా, మా అమ్మాయి మళ్ళీ చేతులు తడిగా నా ఎదురుగా నిలబడినా, ఈ సంగతి నేను మాట్లాడను.